చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతూ క్లీన్ ఎనర్జీ రంగానికి ఎలా సిద్ధం కావాలి

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు, విజయవాడ వైపు నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు ఇంజినీరింగ్ కోసం చెన్నై వస్తారు. పొత్తేరి నుంచి ఓఎంఆర్ దాకా ఏ కాలేజీ హాస్టల్‌కు వెళ్లినా కారిడార్‌లో తెలుగు వినిపిస్తుంది. వీళ్లలో సోలార్, విండ్, బ్యాటరీలు, ఎలక్ట్రిక్ వాహనాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. అడిగే మొదటి ప్రశ్న మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: "ఏ కోర్సు చేస్తే ఈ ఫీల్డ్‌లోకి వెళ్లొచ్చు?"

కోర్సు సంగతి తర్వాత చూద్దాం. 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం, 2070 నాటికి నెట్ జీరో (వదిలే కార్బన్, తిరిగి పీల్చుకునే కార్బన్ సమానం కావడం) అని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన దేశం ప్రకటించింది. 2070 వచ్చేసరికి ఇప్పటి ఫస్టియర్ విద్యార్థికి అరవై దాటుతాయి. అంటే ఆ పనంతా మీ ఉద్యోగ జీవితంలోనే జరగాలి, మీ చేతుల మీదే జరగాలి. సిలబస్‌లో దీనికి దొరికే చోటు చాలా కాలేజీల్లో ఒకటో రెండో ఎలెక్టివ్‌లు. అవి సరిపోవు. మిగతాది మీ చుట్టూ ఉన్నవాటితోనే నేర్చుకోవాలి.

మొదటి నుంచీ ఒక ప్రశ్నను వదలకుండా పట్టుకోండి: ఏ గంటకు ఎంత కరెంటు కావాలి, ఆ గంటకు అది ఎక్కడి నుంచి వస్తుంది? మొత్తం ఎంత తయారవుతుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎప్పుడు తయారవుతుందో, ఎప్పుడు కావాలో కలిపి ఆలోచించేవాళ్లు తక్కువ. కింద చెప్పే ప్రతి పనీ ఆ అలవాటు కోసమే.

1. ముందు యూనిట్లు చేతికి రావాలి

"మా ఇంట్లో రోజుకు 5 కిలోవాట్లు వాడతాం" అనే వాక్యంలో తప్పేమిటో తడుముకోకుండా చెప్పగలగాలి. కిలోవాట్ అంటే ఈ క్షణంలో ఎంత వేగంగా వాడుతున్నామన్నది. ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వాడితే ఒక యూనిట్. ఫైనలియర్‌లో కూడా ఇది కలిపేసేవాళ్లు ఉన్నారు, ఇంటర్వ్యూలో ఇక్కడే దొరికిపోతారు.

కొన్ని అంకెలు నోటికి రావాలి. చెన్నై ఎండకు ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున 4 యూనిట్లు, ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తుంది. బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. లీటరు డీజిల్‌తో హాస్టల్ జనరేటర్ మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తుంది. మెస్‌లో ఉండే 19 కిలోల గ్యాస్ సిలిండర్‌లో దాదాపు 240 యూనిట్లకు సమానమైన వేడి ఉంటుంది. ఈ చివరిది విని చాలామంది ఆశ్చర్యపోతారు. ఎనర్జీ అంటే కరెంటు ఒక్కటే అనుకోవడం మన చదువులో పెద్ద లోటు. వంట, ఆవిరి, బట్టీలు, లారీలు అన్నీ లెక్కలోకి రావాలి.

2. హాస్టల్‌ను ల్యాబ్‌గా మార్చుకోండి

ఈ పనికి ఎక్కువ సమయం పెట్టండి. సెకండియర్‌లో మొదలుపెడితే మంచిది. నలుగురైదుగురు కలవండి, వేర్వేరు బ్రాంచ్‌ల వాళ్లయితే ఇంకా మేలు.

మొదట హెచ్‌ఓడీ గారి ద్వారా అనుమతి తీసుకోండి. లేఖలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఏం కొలుస్తారు, ఏ రోజుల్లో కొలుస్తారు, ఏ బోర్డునూ మీరు తెరవరు. ఈ మూడోది రాస్తే వార్డెన్ గారికి సగం టెన్షన్ తగ్గుతుంది. ఎస్టేట్ ఆఫీసులో గత 12 నెలల కరెంటు బిల్లుల కాపీలు అడగండి. చెన్నైలో అందరూ ఈబీ బిల్లు అంటారు, మీరూ అలాగే అడగండి.

కాలేజీలకు సాధారణంగా హైటెన్షన్ కనెక్షన్ ఉంటుంది. ఆ బిల్లు ఇంటి బిల్లులా ఉండదు. యూనిట్లు కాక ఒప్పుకున్న డిమాండ్, ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న పవర్‌లో నిజంగా పనికొచ్చిన వంతు) ఉంటాయి. డిమాండ్ కేవీఏలో ఉంటుంది, కేవీఏను పవర్ ఫ్యాక్టర్‌తో గుణిస్తే కిలోవాట్. ఎన్ని యూనిట్లు వాడామన్న దానికి డబ్బు కట్టడం అందరికీ తెలుసు. నెల మొత్తంలో ఏదో ఒక పూట అన్నీ ఒకేసారి వేసుకున్నందుకు కూడా డబ్బు కట్టాలని ఈ బిల్లు చూస్తేనే తెలుస్తుంది. 12 నెలలవీ ఒక గ్రాఫ్‌లో వేయండి. ఏప్రిల్, మే నెలలు పైకి లేస్తాయి. సెలవుల నెలలో పూర్తిగా పడిపోవాలి. పడకపోతే ఖాళీ భవనంలో ఏం నడుస్తోందో వెతకాలి. మీ మొదటి పరిశోధన ప్రశ్న అక్కడే దొరుకుతుంది.

తర్వాత ఒక బ్లాక్‌ను ఎంచుకుని 24 గంటలపాటు గంటకోసారి మీటర్ రీడింగ్ రాయండి. షిఫ్టులు వేసుకోండి. మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి. వీలైతే ఏప్రిల్ ఎండలో ఒకసారి, డిసెంబర్ వానల్లో మరోసారి.

ఈ క్షణపు లోడ్ తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. డిజిటల్ మీటర్ మీద "3200 ఇంపల్స్" లాంటి అంకె ముద్రించి ఉంటుంది. చిన్న ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. 15 సెకన్లలో 10 సార్లు మిణుకుమందనుకోండి. 10ని 3200తో భాగిస్తే 0.003125 యూనిట్. గంటకు 240 పదిహేను సెకన్లు. గుణిస్తే 0.75 కిలోవాట్. పెద్ద కనెక్షన్‌కు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే మీటర్ ఉంటే దాని మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో కూడా గుణించాలి. అది మర్చిపోతే లెక్కంతా ఎన్నో రెట్లు తగ్గిపోతుంది.

ప్యానెల్ బోర్డు తలుపు మాత్రం మీరు తీయొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ యార్డులోకి అడుగు పెట్టొద్దు. క్లాంప్ మీటర్ పెట్టాల్సి వస్తే కాలేజీ ఎలక్ట్రీషియన్ పెడతారు, మీరు రీడింగ్ రాసుకుంటారు. ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకండి.

ఆ ఎలక్ట్రీషియన్‌తో పరిచయం పెంచుకోండి. ఏ పంపు ఎప్పుడు ఆన్ చేస్తారో, ఏ ఫేజ్ మీద లోడ్ ఎక్కువో, జనరేటర్ నెలకు ఎన్ని గంటలు నడుస్తుందో ఏ ప్రొఫెసర్ కంటే ఆయనకే బాగా తెలుసు. "అన్నా" అని పలకరించడానికి రెండు భాషల్లోనూ ఇబ్బంది లేదు, కానీ అక్కడితో ఆగకండి. పని మాటల వరకైనా తమిళం నేర్చుకోండి. రేపు తిరునెల్వేలి దగ్గర విండ్ సైట్‌లో టెక్నీషియన్ చెప్పేది అర్థం కాకపోతే మీ డిగ్రీ అక్కడ ఉపయోగపడదు.

గ్రాఫ్ గీశాక తెల్లవారుజామున మూడు గంటల దగ్గర చూడండి. అందరూ నిద్రపోతున్నప్పుడు నడిచే లోడ్ అది: ఫ్యాన్లు, ఏసీలు, కారిడార్ లైట్లు, మెస్ ఫ్రిజ్‌లు, సర్వర్ గది. సూర్యుడు లేని ఆ గంట ఈ రంగంలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న.

3. తగ్గించడం ముందు, తయారు చేయడం తర్వాత

చదువుకునేవాళ్లందరూ నేరుగా సోలార్ ప్యానెళ్ల దగ్గరికి పోతారు. నేను గట్టిగా చెప్పేది: మొదట ఫ్యాన్ల లెక్క వేయండి.

200 గదులు, గదికి ఒక ఫ్యాన్. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్ లేని మోటార్ ఫ్యాన్) 30 వాట్లు. రోజుకు 15 గంటలు, ఏడాదికి 300 రోజులు. ఒక ఫ్యాన్‌కు మిగిలేది 202 యూనిట్లు, 200 ఫ్యాన్లకు 40,500 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 3 లక్షల 24 వేలు. ఫ్యాన్ 2,800 చొప్పున ఖర్చు 5 లక్షల 60 వేలు. రెండేళ్లు తిరక్కముందే డబ్బు వెనక్కి వస్తుంది.

అవే 40,500 యూనిట్లు సోలార్‌తో తయారు చేయాలంటే దాదాపు 29 కిలోవాట్ల ప్లాంట్ కావాలి. కిలోవాట్‌కు 50 వేలు వేసుకున్నా 14 లక్షల పైమాటే. పైగా ఆ ప్లాంట్ పగలు ఇస్తుంది, ఫ్యాన్లు రాత్రంతా తిరుగుతాయి. ఫ్యాన్ మార్చినప్పుడు మిగిలే కరెంటు ఎక్కువగా రాత్రిదే, అంటే దొరకడం కష్టమైన వేళ కరెంటు. ఈ ధరలు నేను లెక్క కోసం వేసుకున్నవి. మీరు మీ కాలేజీ టారిఫ్, ఇప్పటి ధరలు వేసి మళ్లీ చేయండి.

ఈ లెక్కను ఒక పేజీ నివేదికగా రాసి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి. ఒక్క పేజీయే, పైన రూపాయలు, కింద లెక్క. ఒక్క అంతస్తు ఫ్యాన్లు మార్చడానికి ఒప్పుకున్నా చాలు. మార్చక ముందు, మార్చిన తర్వాత కొలిచే అవకాశం మీకు దక్కుతుంది. కాగితం మీద లెక్క వేసినవాళ్లు వేలమంది ఉంటారు. వేసిన లెక్క నిజమైందో లేదో మీటర్‌తో సరిచూసినవాళ్లు చాలా తక్కువ.

4. అప్పుడు మేడ ఎక్కండి

చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి ప్యానెళ్లు దక్షిణం వైపు, ఇంచుమించు అంతే వాలుతో పెడతారు. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. వాటర్ ట్యాంకు, లిఫ్ట్ గది, పక్క భవనం నీడలు ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఎక్కడ పడుతున్నాయో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. సాఫ్ట్‌వేర్ తర్వాత తెరవొచ్చు.

ప్యానెల్ వాట్లను 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తారు. మే నెల మధ్యాహ్నం మన మేడ మీద సెల్ 60 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 12 శాతం పోతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువే వస్తుంది, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. రెండూ వేర్వేరని గుర్తుంచుకోండి.

సివిల్ వాళ్లకు ఇక్కడ పెద్ద పని ఉంది. భారతీయ ప్రమాణాల ప్రకారం చెన్నైలో నిర్మాణాలకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2016 డిసెంబర్‌లో వర్దా తుఫాను ఈ నగరంలో వేల చెట్లను కూల్చింది. మేడ మీద ప్యానెల్‌ను నిలబెట్టే ఫ్రేమ్, బోల్టు, కాంక్రీట్ దిమ్మ సరిగ్గా లేకపోతే ఇన్వర్టర్ ఎంత గొప్పదైనా లాభం లేదు. సముద్రపు ఉప్పు గాలికి తుప్పు సమస్య వేరే. ఈ తుప్పు మీదే మంచి ప్రాజెక్ట్ చేయొచ్చు.

5. గ్రిడ్‌ను రోజూ చూడండి

దేశ విద్యుత్ గ్రిడ్‌ను నడిపే గ్రిడ్ ఇండియా వెబ్‌సైట్‌లో ప్రతిరోజూ నివేదిక పెడతారు. ఏ రాష్ట్రం ఎంత వాడింది, ఎంత సోలార్, ఎంత విండ్ వచ్చిందో అందులో ఉంటుంది. జూలైలో ఒక వారం, జనవరిలో ఒక వారం తమిళనాడు అంకెలు తీసి పక్కపక్కన పెట్టండి. పశ్చిమ కనుమల మధ్య ఉన్న పాల్‌ఘాట్, షెంకోట్ట, ఆరల్వాయ్‌మొళి సందుల గుండా నైరుతి గాలి దూసుకొచ్చే మే–సెప్టెంబర్ కాలంలో విండ్ ఎంత లేస్తుందో, మిగతా నెలల్లో ఎంత పడిపోతుందో కళ్లకు కడుతుంది. గాలి నుంచి వచ్చే పవర్ వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. వేగం సెకనుకు 6 మీటర్ల నుంచి 7కు పెరిగితే పవర్ దాదాపు 59 శాతం పెరుగుతుంది. ఆరల్వాయ్‌మొళి సందు దగ్గరి ముప్పందల్‌లోనే అన్ని టర్బైన్లు ఎందుకున్నాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అంకెలు కూడా తీయండి. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లు, నాగార్జునసాగర్‌లో కూడా నీటిని వెనక్కి తోడగల టర్బైన్లు ఉన్నాయి. తమిళనాడులో కడంపారై 400 మెగావాట్లు. పగటి సోలార్‌తో నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలే ఈ పద్ధతి పాతదే, కానీ ఇప్పుడు దీని అవసరం ఒక్కసారిగా పెరిగింది. బ్యాటరీల మీద మోజులో దీన్ని వదిలేయకండి. మెకానికల్, సివిల్ వాళ్లకు ఇది బంగారం లాంటి రంగం.

కొంత చరిత్ర కూడా చదవండి. 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్, 31న దాంతో పాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలినప్పుడు దక్షిణాది గ్రిడ్ కూలలేదు. అప్పటికి మన గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి లేదు. రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైన్‌తో 2013 డిసెంబర్ 31న కలిసింది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా లైట్లు ఆర్పినప్పుడు కొద్ది నిమిషాల్లో డిమాండ్ దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయింది. గ్రిడ్ నిలబడటానికి ప్రధాన కారణం జలవిద్యుత్ కేంద్రాలు అంతే వేగంగా తగ్గి, మళ్లీ పెరగడం. ఈ రెండు ఘటనల మీద ఒక్కో పేజీ రాసి మీ లెక్చరర్‌కు చూపించండి. పవర్ సిస్టమ్స్ సబ్జెక్ట్ మీద భయం పోతుంది.

6. చెన్నైలో ఉన్నవి వాడుకోండి

పళ్లికరణైలో జాతీయ పవన శక్తి సంస్థ ఉంది, 1998లో పెట్టారు. దాని దగ్గర్లోనే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. ఒకే రోజు రెండూ చూసేలా డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద అనుమతి అడగండి. గిండీ ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలో అన్నా యూనివర్సిటీ వాళ్ల ఎనర్జీ స్టడీస్ విభాగం ఉంది. తరమణిలో ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్. శ్రీపెరంబుదూర్ దగ్గర పిళ్లైపాక్కంలో ఫస్ట్ సోలార్ 2024 జనవరిలో 3.3 గిగావాట్ల ప్యానెల్ ఫ్యాక్టరీ ప్రారంభించింది. అక్కడ తయారయ్యేది సిలికాన్ కాదు, కాడ్మియం టెల్లూరైడ్ పొర. కెమికల్, మెటీరియల్స్ వాళ్లు దాని గురించి చదవాలి.

ఎన్నూర్ కూడా వెళ్లండి. ఉత్తర చెన్నై, వల్లూరు థర్మల్ కేంద్రాలు కలిపి 3,000 మెగావాట్లకు పైగా ఉన్నాయి. పైపుల నుంచి కారిన బొగ్గు బూడిద కొసస్తలైయార్ నదిని, ఆ నీళ్లమీద బతికే చేపల వాళ్లను ఏం చేసిందో చూడండి, వాళ్లతో మాట్లాడండి. మన గదిలో ఏసీ నడిచిన ప్రతి గంటకూ ఎక్కడో ఒకరు ధర కట్టారు. ఆ విషయం తెలియని ఇంజినీరు రేపు సోలార్ పార్కు కోసం మేత భూములు తీసుకునేటప్పుడు కూడా అదే పొరపాటు చేస్తాడు. ఆ థర్మల్ కేంద్రాల్లో పనిచేసేవాళ్ల ఉద్యోగాలు ఏమవుతాయన్నది కూడా మీ ప్రశ్నే.

7. సాఫ్ట్‌వేర్, కోర్సులు

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో వీడియోలు ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు. పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, ఎనర్జీ ఎకనామిక్స్ ఈ మూడింటిలో కనీసం రెండు చేయండి. సోలార్ లెక్కలకు సామ్, పీవీవాట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఉచితం. పైథాన్ వచ్చినవాళ్లు సోలార్ లెక్కలకు పీవీలిబ్, గ్రిడ్ లెక్కలకు పైప్సా నేర్చుకోవచ్చు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఆడిటర్ పరీక్షకు ఉద్యోగ అనుభవం కావాలి, కానీ దాని నాలుగు గైడ్ పుస్తకాలు ఇప్పుడే చదవొచ్చు. వేలకు వేలు ఫీజు తీసుకుని వారం రోజుల్లో "సోలార్ ఎక్స్‌పర్ట్" సర్టిఫికెట్ ఇచ్చే చోట్లకు నేను పంపను. ఆ డబ్బుతో ఒక ప్లగ్-ఇన్ పవర్ మీటర్, ఒక మల్టీమీటర్ కొనుక్కోండి.

8. బ్రాంచ్, ఇంట్లో వాళ్లు

ఈ రంగానికి ఎలక్ట్రికల్ ఒక్కటే దారి అనుకోవద్దు. గాలి, ఎండ అంచనాలు, గ్రిడ్ షెడ్యూలింగ్, బ్యాటరీ మేనేజ్‌మెంట్ అన్నిట్లోనూ కోడ్ రాసేవాళ్లు కావాలి. 2013లో ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ ఎనర్జీ మొదలుపెట్టిన ఇద్దరూ ఐఐటీ మద్రాస్‌లో ఇంజినీరింగ్ డిజైన్ చదివినవాళ్లు.

ఇంట్లో మాత్రం "అందరూ సాఫ్ట్‌వేర్‌కు పోతుంటే నువ్వెందుకురా ఎండలో" అనే మాట వస్తుంది. నాన్నగారితో వాదించొద్దు, లెక్క చెప్పండి. మొదటి జీతం ఐటీ కంటే తక్కువ ఉండొచ్చని నిజమే చెప్పండి. ఇంటి కరెంటు బిల్లు తీసుకుని ఇళ్ల మేడల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ పోను ఎంత పడుతుందో, ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో మీరే వేసి చూపించండి. మీ పని ఏమిటో వాళ్లకు అర్థమయ్యే దారి అదే. సంక్రాంతి సెలవుల్లో చేయడానికి మంచి పని కూడా.

9. ప్రాజెక్ట్, రెజ్యూమె

ఫైనలియర్ ప్రాజెక్ట్‌ను బయట కొనకండి. రెండేళ్లుగా సేకరించిన హాస్టల్ డేటా మీ చేతిలో ఉంటే టైటిల్ వెతుక్కునే పనే ఉండదు. పంపును రాత్రి నుంచి పగటి సోలార్ వేళకు మారిస్తే గరిష్ఠ డిమాండ్ ఎంత తగ్గుతుంది? మెస్ చెత్తతో బయోగ్యాస్ చేస్తే నెలకు ఎన్ని సిలిండర్లు మిగులుతాయి? జనరేటర్‌ను బ్యాటరీతో మార్చాలంటే ఎన్ని యూనిట్ల బ్యాటరీ కావాలి, ఎన్ని గంటలకు? వీటిలో ఏ ఒక్కటి పూర్తిగా చేసినా చాలు.

ఇంటర్న్‌షిప్‌కు పెద్ద కంపెనీ పేరు కోసం ఎదురుచూడకండి. అంబత్తూర్, గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లలో సోలార్ బిగించే చిన్న సంస్థలు, ఎనర్జీ ఆడిట్ చేసేవాళ్లు దొరుకుతారు. వాళ్లతో వేసవిలో ఒక నెల మేడలు ఎక్కి దిగితే, పెద్ద ఆఫీసులో స్లయిడ్లు తయారు చేసిన నెల కంటే ఎక్కువ వస్తుంది. హెల్మెట్, సేఫ్టీ బెల్ట్ ఇవ్వని చోట మాత్రం పనిచేయొద్దు.

రెజ్యూమెలో "రెన్యూవబుల్ ఎనర్జీ మీద ఆసక్తి" అని రాయకండి. ఏ బ్లాక్‌లో ఎన్ని గంటలు కొలిచారో, ఎన్ని యూనిట్లు తగ్గుతాయని అంచనా వేశారో, మార్చాక నిజంగా ఎన్ని తగ్గాయో రాయండి. అంచనాకూ ఫలితానికీ తేడా వస్తే దాన్ని దాచకుండా కారణంతో సహా రాయండి. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు అడగబోయే మొదటి ప్రశ్న ఆ తేడా గురించే. గ్రాఫ్ ప్రింటు ఒకటి ఫైల్‌లో పెట్టుకుని వెళ్లండి.